డబ్బు ముట్టకపోయినా ఎం.బుక్కులో సంతకం మీదే

మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. మీరు ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు. కాలువ లైనింగు (కాలువ లోపలి వైపు పోసే కాంక్రీటు పూత) పనిలో కొంత భాగం ఇంకా పోయాల్సి ఉండగానే, మార్చి 31లోగా బిల్లు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని, మొత్తం పరిమాణాన్ని ఎం.బుక్కులో (జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కులో) రాసేయమని మీ పై అధికారి డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) నోటిమాటగా చెప్పారు. కాంట్రాక్టరు ఇవ్వజూపిన కవరును మీరు వెనక్కి ఇచ్చేశారు. నేను పైసా ముట్టడం లేదు, పని కూడా ఏప్రిల్‌లో ఎలాగూ పూర్తవుతుంది, అలాంటప్పుడు సంతకం పెట్టడం అవినీతి ఎలా అవుతుంది అని అడిగారు. నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి ఎస్ఈగా (సూపరింటెండింగ్ ఇంజనీరుగా) పదవీ విరమణ చేసినవాడిగా, మధ్యలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో కూడా పనిచేసినవాడిగా, సంతకం పెట్టవద్దనే చెబుతాను. అయితే కారణాలు మీరు అనుకుంటున్న చోట లేవు.

ఎం.బుక్కు అంటే బిల్లుకు జతచేసే కాగితం కాదు. ఫలానా తేదీన, ఫలానా చైనేజీ (కాలువ మొదలు నుంచి లెక్కించే దూరం) దగ్గర నేను స్వయంగా కొలిచాను అని మీరు ఇచ్చే వాంగ్మూలం అది. అందుకే దానికి పేజీ నంబర్లుంటాయి, పేజీ చించకూడదు, రాసినది చెరపకూడదు, తప్పు దొర్లితే ఒక్క గీతతో కొట్టివేసి పొట్టి సంతకం పెట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల ఎలక్ట్రానిక్ ఎం.బుక్కు వచ్చింది కాని దాని స్వభావం మారలేదు, పైగా ఏ లాగిన్‌తో ఏ నిమిషంలో నమోదు చేశారో కూడా అందులో నిలిచిపోతుంది. లేని కొలతను ఉన్నట్టు రాసిన ఉద్యోగికి లెక్కల తారుమారు కింద పాత శిక్షాస్మృతిలోని 477-ఎ సెక్షన్ ఏడేళ్ళ వరకు శిక్ష చెప్పింది, భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నేరాన్ని అలాగే ఉంచింది. మోసపుచ్చే ఉద్దేశంతో రాశారా లేదా అన్నది అక్కడ ప్రశ్న అవుతుంది గాని, మీరు డబ్బు తీసుకున్నారా లేదా అన్నది కాదు. డబ్బు ముట్టిన పైవాళ్ళ పేరు మీద ఏ కాగితమూ ఉండదు, ముట్టని మీ పేరు మీద మాత్రం చేవ్రాలు ఉంటుంది. విచారణ అధికారి మొదట తెరిచేది ఎం.బుక్కునే కాబట్టి, నిజాయితీగా ఉంటూ సంతకం పెట్టిన ఏఈ, లంచం తిని సంతకం పెట్టించుకున్న అధికారి కంటే ముందు దొరికిపోతాడు. చార్జి మెమో అందాక పదోన్నతి సీల్డ్ కవర్లోకి వెళ్తుంది, అంటే విచారణ తేలేదాకా ఆగిపోతుంది. పదవీ విరమణ చేసినా అయిపోయిందనుకోకండి. 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లోని 9వ నియమం ప్రకారం, నాలుగేళ్ళలోపు జరిగిన సంగతి మీద రిటైరైన తరవాత కూడా చర్య మొదలుపెట్టి పెన్షన్లో కోత వేయవచ్చు.

ఏప్రిల్‌లో పని ఎలాగూ పూర్తవుతుంది కదా అన్న మాటకు వస్తాను. పూర్తి కావచ్చు. అయితే బిల్లు ముందే చేతికందిన కాంట్రాక్టరుకు తొందర ఉండదు, మీకు అతన్ని గట్టిగా అడిగే నోరూ ఉండదు. లైనింగు మందం తగ్గించి పోస్తున్నాడని మీరు ఆక్షేపిస్తే, పోయకముందే రాసిన మీ ఎం.బుక్కును అతను గుర్తుచేస్తాడు. ఒక్క అబద్ధపు కొలతతో ఆ పని మీద మీ అధికారమంతా అతని చేతికి వెళ్ళిపోతుంది. సాంకేతిక పనుల్లో అవినీతి కవరుతో మొదలవుతుందని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతలో అది ఇలాంటి చిన్న సర్దుబాటుతో మొదలై, కవరు దగ్గరికి తరవాత ఎప్పుడో చేరుతుంది.

ఆ సర్దుబాట్లు ఎక్కడెక్కడ దాగుంటాయో మీరు తెలుసుకోవాలి. నీతి గురించి ఎంత మాట్లాడుకున్నా, మోసం ఎలా జరుగుతుందో తెలియని ఇంజనీరు దాన్ని ఆపలేడు. మన శాఖలో అన్నిటికన్నా పాతది ప్రారంభ మట్టాల మోసం. కాలువ తవ్వకముందు నేల మట్టాలను తీసి లెవెల్ ఫీల్డ్ బుక్కులో రాస్తాం. ఒక కిలోమీటరు పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న తవ్వకంలో ఆ ప్రారంభ మట్టాన్ని 15 సెంటీమీటర్లు ఎక్కువ చేసి రాస్తే 1,500 ఘనపు మీటర్ల తవ్వకం కాగితం మీద పుట్టుకొస్తుంది. తవ్వేశాక పాత నేలను ఎవరూ తిరిగి కొలవలేరు. అందుకే ప్రారంభ మట్టాల రోజున డీఈఈని సైటుకు రప్పించి, ఆ రోజే అదే పుస్తకంలో ఆయన సంతకం తీసుకోండి, బెంచ్ మార్కును (మట్టాలకు ఆధారంగా తీసుకునే స్థిరమైన గుర్తును) చెరిగిపోని శాశ్వత కట్టడం మీద పెట్టించండి. నేల వర్గీకరణ కూడా ఇలాంటిదే. మెత్తని మట్టికీ గట్టి రాయికీ రేటులో తేడా చాలా ఉంటుంది గనుక, రాయి తగిలిన చోట తగిలిన రోజే ఫోటో తీసి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత లోతు దాకా అన్నది అక్కడే రాసుకోవాలి. పూడికతీత గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ పని ప్రతి ఏడూ తొలకరికి వారం ముందే ఎందుకు ఊపందుకుంటుందో మన ఊళ్ళలో పశువుల కాపర్లకు కూడా తెలుసు.

సిమెంటు రోడ్డు ఇంకో రకం. ఊరి రోడ్డుకు మూడు మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం ఉండాలనుకోండి. అంచుల్లో బిగించిన చానెళ్ళు 150 ఎత్తే ఉంటాయి కాబట్టి టేపు పెట్టిన ప్రతివారికీ సరిపోతుంది. అడుగు నేలను మాత్రం మధ్యలో కాస్త ఉబ్బుగా వదిలేస్తారు. నడుమ మందం తగ్గి సగటున 30 మిల్లీమీటర్లు పోయినా కిలోమీటరుకు 90 ఘనపు మీటర్ల కాంక్రీటు మిగులుతుంది. కాంక్రీటు పడకముందు అంచు నుంచి అంచుకు దారం లాగి మధ్యలో కర్రతో కొలిస్తే ఐదు నిమిషాల్లో బయటపడే మోసం ఇది. పోశాక అయితే కోర్ (గట్టిపడిన కాంక్రీటును తొలిచి తీసే ముక్క) తీయాలి, అదీ అంచున కాదు, నడిమధ్యన.

పోసే కాంక్రీటుతోనే ఘనాలు (క్యూబులు) చేసి, యంత్రం మీద పగలగొట్టి బలం చూస్తారు కదా, ఆ క్యూబు పరీక్షల రిజిస్టరు గురించి కాస్త విస్తరంగా చెప్పాలి. క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నప్పుడు నేను రిజిస్టరు తెరిచాక మొదట వెదికింది తక్కువ బలం వచ్చిన ఫలితాల కోసం కాదు, మరీ చక్కగా ఉన్న ఫలితాల కోసం. ఎం25 కాంక్రీటుకు, అంటే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఉండాల్సిన కాంక్రీటుకు, ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం ఊహించుకోమనే ప్రామాణిక విచలనం (ఫలితాల్లో వచ్చే హెచ్చుతగ్గుల కొలత) 4, దాన్ని బట్టి మిశ్రమాన్ని సగటున 31.6 న్యూటన్లు వచ్చేలా రూపొందించాలి. అంటే మంచి సైటులో కూడా ఒక శాంపిలు 28, ఒకటి 35, ఇంకొకటి 31 వస్తూ ఉంటాయి. అలా కాకుండా నాలుగు నెలల రిజిస్టరంతా 32.1, 32.4, 32.2 అని వరసగా సాగిందంటే అవి యంత్రం మీద పగిలిన క్యూబులు కావు, కుర్చీలో కూర్చుని పుట్టించిన అంకెలు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఆదివారాల్లో కూడా ఆగని పరీక్షలు ఉన్నాయంటే ఇక సందేహం లేదు. ఇంకొందరు క్యూబులను నిజంగానే పోస్తారు కాని క్యాంపులో సిమెంటు దట్టించి విడిగా పోస్తారు. దీనికి పాత మేస్త్రీల కాలం నుంచి ఉన్న విరుగుడు ఒకటుంది. అచ్చులో కాంక్రీటు తడిగా ఉండగానే, తేదీ వేసి మీరు సంతకం చేసిన చిన్న కాగితం ముక్కను పైముఖంలో అదిమి పెట్టండి. క్యూబు మారితే ఆ చీటీ ఉండదు. పోసిన కాంక్రీటు మీదే అనుమానం వస్తే కోర్లు తీయించండి. కనీసం మూడు తీయాలి, వాటి సగటు గ్రేడులో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఈ సంఖ్యలు నోటికి వచ్చి ఉంటే కాంట్రాక్టరు మనుషులు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇప్పుడు మీ డీఈఈతో ఎలా నెగ్గుకురావాలో చూద్దాం. ఆయన ఎదుట ధర్మాధర్మాల ప్రసంగం పెట్టకండి. ఆయనకూ పై నుంచి ఒత్తిడి ఉంటుంది, మీ మాటలు ఆయనకు నిందలా తగులుతాయి. పద్ధతి మాట్లాడండి. "సార్, పోసినంత వరకు ఈ రోజే కొలిచి రాస్తాను. మిగతాది పోసిన మర్నాడే రాస్తాను. నిధులు మురిగిపోతాయంటే మిగులు పరిమాణానికి వచ్చే సంవత్సరం కేటాయింపు కోసం ఇప్పుడే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి లేఖ పెడదాం" అనండి. జరిగిన మేరకు పార్ట్ బిల్లు పెట్టడానికి ఏ నియమమూ అడ్డురాదు. అయినా వినకపోతే, ఆ సాయంత్రమే ఫైల్లో ఒక నోటు పెట్టండి. "తమరు నేడు మౌఖికంగా ఆదేశించిన ప్రకారం 4వ కిలోమీటరులో ఇంకా పూర్తికాని లైనింగు పరిమాణాన్ని నమోదు చేయవలసి ఉన్నదా అన్న విషయమై లిఖితపూర్వక ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు, వ్యంగ్యం అసలే వద్దు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 3వ నియమంలో, మౌఖిక ఆదేశాలు తప్పనిసరైతే వెంటనే రాతపూర్వకంగా ధ్రువీకరించాలనీ, ఆ ధ్రువీకరణ అడగడం కింది ఉద్యోగి విధి అనీ స్పష్టంగా ఉంది. ఇలాంటి నోటుకు అవునని రాసి సంతకం పెట్టిన అధికారిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. చాలామంది నోటు వెనక్కి తీసుకోమంటారు, ఆ తరవాత ఆ ఆదేశం ఊసెత్తరు.

కష్టమైన చోటు వేరే ఉంది. కొత్తవాళ్ళకు దాని గురించి ఎవరూ చెప్పరు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారంటే షామియానా, కుర్చీలు, భోజనాలు, పూలదండలు, శిలాఫలకం అన్నీ చూడాల్సింది ఏఈ. ఆ ఖర్చుకు చాలాసార్లు ఏ పద్దూ ఉండదు. సైటుకు వెళ్ళడానికి ప్రభుత్వ వాహనం ఉండదు, పని జరిగేది ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల. కాంట్రాక్టరు జీపెక్కితేనే మీరు సమయానికి చేరతారు, అతని క్యాంపులోనే మధ్యాహ్నం భోజనం. ఇలా ఏఈని కాంట్రాక్టరు దయ మీద బతికేట్టు చేసింది వ్యవస్థే, అక్కడికి తోసి, ఆపైన నీతిగా ఉండమని చెప్పేదీ అదే. దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. పాటించగలిగిన గీతలు మాత్రం చెబుతాను. టెండరు ఒప్పందంలోనే పర్యవేక్షణ వాహనం ఏర్పాటు ఉంటే అది శాఖ వాహనమే, నిస్సంకోచంగా వాడండి, లాగ్ బుక్కు రాయండి. లేకపోతే మీ బండి మీద వెళ్ళి ప్రయాణ భత్యం క్లెయిము పెట్టండి, అది ఆర్నెల్లకు వచ్చినా సరే. క్యాంపులో కూలీలందరితో పాటు పెట్టిన భోజనం తింటే కొంప మునగదు, హోటల్ గదీ పండగ కానుకా వద్దు. మంత్రిగారి కార్యక్రమానికి ఖర్చు ఏ పద్దు కింద పెట్టాలో తెలపమని ముందే ఈఈకి లేఖ రాయండి. సమాధానం రాకపోవచ్చు. కాని ఆ లేఖ ఉన్న ఫైలుకూ లేని ఫైలుకూ రేపు చాలా తేడా ఉంటుంది. వర్క్ ఇన్‌స్పెక్టరు చేత వసూలు చేయించి, నా చేతికి మట్టి అంటలేదు అనుకునేవాళ్ళున్నారు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్‌కు మధ్యవర్తి ద్వారా తీసుకున్నా, వేరొకరి కోసం తీసుకున్నా తేడా లేదు. 2018 సవరణ తరవాత దానికి శిక్ష మూడు నుంచి ఏడేళ్ళు.

ఈ అక్రమాలకు టెండరు దగ్గరే ఎలా బీజం పడుతుందో కూడా గమనించండి. ఒకప్పుడు టెండరు పెట్టె ముందు మనుషులు కాపలా కాసేవారు, ముందే కుమ్మక్కై రింగు కట్టి, పోటీ నుంచి తప్పుకున్నవాళ్ళకు గుడ్‌విల్ పేరుతో డబ్బు పంచేవారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ కాపలా పోయింది. అదే ఏడాది వచ్చిన 94వ నంబరు జీవో టెండరు ఎక్సెస్‌కు (అంచనా కంటే ఎక్కువగా వేసే మొత్తానికి) 5 శాతం పరిమితి పెట్టింది. అంచనా కంటే 25 శాతానికి మించి తక్కువకు వేసినవాడు ఆ తేడాకు అదనపు డిపాజిట్ కట్టాలంది. మంచి నిబంధనే. అయితే తక్కువకు వేసినవాడు ఆ నష్టాన్ని సిమెంటులోనో మట్టి పనిలోనో పూడ్చుకోవడానికి చూస్తాడు. అందుకే తక్కువ రేటు పని మీ సెక్షన్‌కు వచ్చిందంటే ప్రభుత్వానికి ఎంతో ఆదా అయిందని సంతోషించకుండా, పరీక్షల సంఖ్య పెంచండి.

ఇంకో సంగతి, బహుశా మీకు నచ్చకపోవచ్చు. సరైన బిల్లును టేబుల్ మీద వారాల తరబడి ఉంచుకోవడం కూడా అవినీతే. తాను పైసా ముట్టనని గర్వంగా చెప్పుకునే ఇంజనీర్లలో కొందరు భయంతో ఏ బిల్లూ కదలనివ్వరు, ప్రతి ఫైలు మీదా ఒక కొర్రీ వేసి వెనక్కి పంపుతారు. అప్పుతెచ్చి పని చేసిన చిన్న కాంట్రాక్టరు నెలనెలా వడ్డీ కట్టలేక, ఎవరికో ఒకరికి చేతులు తడిపి ఫైలు కదిలించుకుంటాడు. ఆ లంచం పుట్టింది నిజాయితీపరుడైన ఆ ఇంజనీరు టేబుల్ మీదే. కొలిచిన వారంలో బిల్లు రాసి పంపే అలవాటు మీకు ఉంటే, లేని కొలత రాయనన్నప్పుడు మీరు వేధింపు కోసం ఆపుతున్నారని ఎవరూ అనలేరు.

ప్రైవేటు వైపు వెళ్దామా అని కూడా చివర్లో అడిగారు. అక్కడ కవరు పేరు ఫీజు. డిజైను చూడకుండా, మట్టి పరీక్ష లేకుండా స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ మీద ముద్ర వేసి ఇవ్వడానికి సంతకానికింత అని ధర ఉంది. తెలంగాణలో భవన అనుమతుల కోసం 2020 టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక స్వీయ ధ్రువీకరణ మీదే చాలా అనుమతులు నడుస్తున్నాయి గనుక ఆ ముద్ర బరువు ఇంకా పెరిగింది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌళివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్ళినవాళ్ళే. వైద్యుడికి మెడికల్ కౌన్సిల్, న్యాయవాదికి బార్ కౌన్సిల్, ఆర్కిటెక్టుకు 1972 చట్టం కింద కౌన్సిల్ ఉన్నాయి, తప్పు చేస్తే వృత్తి నుంచి తొలగించవచ్చు. ఇంజనీరుకు మన దేశంలో అలాంటి చట్టబద్ధమైన జాతీయ కౌన్సిల్ లేదు. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌కు నీతి నియమావళి ఉంది కాని అది సభ్యులకే వర్తిస్తుంది, సభ్యత్వం లేకుండానే వృత్తి చేసుకోవచ్చు. పని కూలినప్పుడు డిజైనరు, కాంట్రాక్టరు, శాఖ, పరీక్షల ల్యాబు ఒకరినొకరు చూపించుకుంటూ తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకుని బయటపడే వీలు అందువల్లే ఉంది.

ఫిర్యాదు చేయాలా అన్నదానికి తొందరపడి అవునని చెప్పను. సత్యేంద్ర దూబే సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, జాతీయ రహదారుల సంస్థలో స్వర్ణ చతుర్భుజి పనులు చూస్తూ, అక్రమాల మీద 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశాడు. పేరు గోప్యంగా ఉంచమని అడిగాడు. ఆ లేఖ అతని పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27 తెల్లవారుజామున గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ తరవాత సుప్రీంకోర్టులో విషయం నడిచి, 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది. 2014లో ఇలా అక్రమాలను బయటపెట్టేవారి (విజిల్‌బ్లోయర్ల) రక్షణకు చట్టమే చేశారు, దాన్ని మాత్రం ఇంతవరకు అమల్లోకి తేలేదు. ఆ కమిషన్ ఏర్పాటు కేంద్ర సంస్థలకే, రాష్ట్ర ఉద్యోగులకు ఏసీబీ, విజిలెన్స్ విభాగం, లోకాయుక్త ఉన్నాయి. తెలంగాణ ఏసీబీకి 1064కు ఫోన్ చేయవచ్చు. మిమ్మల్ని ఎవరైనా డబ్బు అడిగితే, ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి వాళ్ళతో కలిసి ఇస్తే అది మీ నేరం కాదు. బలవంతం మీద ఇచ్చి ఉన్నా ఏడు రోజుల్లోగా తెలియజేస్తే అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ మీకు రక్షణ ఇస్తుంది. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి, పుచ్చుకున్న చేతిని సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగు తేలే ఆ ట్రాప్ గురించి పేపర్లలో చదివే ఉంటారు. కొలతల అక్రమాల మీదైతే మాత్రం మనిషి గుణగణాల గురించి ఒక్క ముక్క రాయకండి. చైనేజీ, తేదీ, ఎం.బుక్కు నంబరు, పేజీ, రాసిన పరిమాణం, అక్కడ ఉన్న పరిమాణం, ఫోటో, ఇవి చాలు. ఒంటరిగా చేయకండి. ఇంట్లో వాళ్ళకూ, మీరు నమ్మే ఒక సీనియరుకూ చెప్పి చేయండి.

మీ విషయంలో ఫిర్యాదు దాకా పోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. పైన చెప్పిన నోటు పెడితే చాలు, బహుశా దాని ఫలితం బదిలీ అవుతుంది. బదిలీ ఉత్తర్వు వస్తే కోర్టుకు వెళ్ళకండి, సెలవు పెట్టకండి. రిలీవయ్యే ముందు మీ దగ్గరున్న ప్రతి ఎం.బుక్కులోనూ చివరి కొలత కింద గీత గీసి తేదీతో సంతకం పెట్టండి. లెవెల్ బుక్కులు, క్యూబు రిజిస్టర్లు, సైట్ ఆర్డర్ బుక్కులు అన్నింటినీ నంబర్లు, ఆఖరి పేజీతో సహా చార్జి జాబితాలో చేర్చండి. లైనింగు ఏ చైనేజీ వరకు పోశారో, ఎక్కడి నుంచి పోయాల్సి ఉందో ఆ జాబితాలోనే ఒక వాక్యంగా రాసి, కొత్తగా వచ్చిన ఏఈఈతో కలిసి సైటుకు వెళ్ళి చూపించాకే ఆయన సంతకం తీసుకోండి. ఒక ప్రతి ఆఫీసుకు, ఒక ప్రతి ఈఈకి, ఒకటి మీకు.